శనివారం యముడు

పోయిన వారం కామ్‌రేజ్ చౌరస్తాలో బస్సెక్కుతుంటే నా వెనక ఒకావిడ తన పిల్లాడితో "గట్టిగ వట్టుకో, ఇడవకు" అంది. సూరత్‌లో తెలుగు మాట చెవిన పడటం వింతేమీ కాదు, కూరగాయల బండి దగ్గర కూడా పడుతుంది. అయినా నేను మెట్టు మీదే ఆగిపోయి వెనక్కి తిరిగాను. "ఆగళ్ చాలో, బెన్" అని, ముందుకు నడవమంటూ కండక్టరు విసుక్కుంటే గానీ కదల్లేదు. సీటు దొరికాక కూడా చాలాసేపు కిటికీ బయటకే చూస్తూ కూర్చున్నాను.

విడవకు అనే మాట ఎవరి సొంతమూ కాదు. తెలంగాణ నుంచి వచ్చిన తల్లులందరూ రోడ్డు దాటేటప్పుడు అనేదే. కానీ మా బడిలో పనిచేసినవాళ్ళకి ఆ మాట వినపడితే మెడలో ఎర్రంచు తువ్వాలతో మా సారే కళ్ళముందుకొస్తారు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన తీసుకునే శనివారం ఆఖరి పీరియడు ఇప్పుడు నాకు అంటగట్టారు. ఆ గంటలో నేను పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. చెప్తున్నారు గానీ, సినిమాకని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు చూస్తున్నారు నా వంక.

మాది నేతపనివాళ్ళ పిల్లల కోసం కులపెద్దలు కొందరు కలిసి పెట్టిన తెలుగు ప్రాథమిక పాఠశాల. కింద చీరల గోదాము, పైన అయిదు తరగతులు, ఒక హాలు. చుట్టూ సాంచాలు, అంటే మరమగ్గాలు, ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి. అందుకని మేం టీచర్లం ఇంటికెళ్ళినా గట్టిగానే మాట్లాడతాం. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి, ఆల్థాన్‌లో కాపురం పెట్టి, ఊరికే కూర్చోలేక నేనీ బడిలో చేరాను. ఆ సారు నన్ను చివరిదాకా పేరు పెట్టి పిలవలేదు. "బ్యాంకు మేడం" అనేవారు. అందులో మర్యాద ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

ఆయనది మూడో తరగతి. పొడుగు మనిషి, వంగిన భుజాలు, పక్కకి తిప్పి దువ్విన నెరిసిన జుట్టు. క్లాసులో మహా కటువు. చెవి మెలిపెట్టడం ఆయనకి హాజరు పిలవడమంత మామూలు. హోంవర్కు తేని పిల్లాణ్ణి "ఏం సేటూ, దుకాణం బంద్ వెట్టినవా?" అని అడిగేవారు. నవ్వుతూ అడిగినట్టే ఉండేది. ఆ తర్వాతేం జరుగుతుందో తెలిసిన సేటు మాత్రం రెండు చేతులతో రెండు చెవులూ మూసుకునేవాడు. ఈ చెవుల విషయంలో నేను ఆయనతో చాలాసార్లు పోట్లాడాను. "నా చెవులు సూడుండ్రి, ఎంత పొడుగున్నయో. గందుకే చదువొచ్చింది" అని తప్పించుకునేవారు.

ప్రార్థనకి ముందు ఆయన తప్పకుండా చేసే పని ఒకటుండేది. రెండు అరచేతులూ ఒకదానికొకటి తట్టి గట్టిగా దులుపుకునేవారు, సుద్దముక్క పట్టుకోని రోజు కూడా. పిల్లలందరూ దులుపుకోవాలి. ఆ తర్వాతే దండం. "చేతులల్ల ఏం లేదని ముందు సూపియ్యాలె. గప్పుడు మొక్కాలె" అనేవారు. హాలు నిండా చిన్న చేతులు దులుపుకునే చప్పుడు మెట్ల కింద చాయ్ బండి దాకా వినపడేది. అది విని చాయ్ అబ్బాయి మా టీచర్ల కోసం స్టవ్ వెలిగించేవాడు.

శనివారం ఆఖరి గంట ధర్మబోధ. ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలందరూ హాల్లో నేల మీద కూర్చునేవారు. ముందు శ్లోకం, తర్వాత భజన, ఆ తర్వాత కథ. ఆయనకి బోలెడు కథలు వచ్చు. పిల్లలకి కావలసింది మాత్రం ఒకటే, మార్కండేయస్వామి కథ. నేతవాళ్ళు తమ వంశానికి మూలపురుషుడని కొలిచే స్వామి ఆయన. చిన్న వయసుకే ఆయువు తీరిన పిల్లవాడు. యముడు వచ్చి పాశం వేస్తే శివలింగాన్ని కావలించుకుని వదల్లేదు. శివుడు ప్రత్యక్షమై యముణ్ణి తన్ని పంపేశాడు. చెప్పుకుంటే నాలుగు ముక్కలే. సారు దాన్ని గంట కొట్టేదాకా ఆడించేవారు.

మెడలోని తువ్వాల తీసి మెలిపెడితే అదే పాశం. హాలు మధ్యలో వేసిన ఇనప స్టూలు శివలింగం. ప్రతి వారం ఎవరో ఒకరికి స్వామి వేషం. ఆ వేషం కోసం సోమవారం నుంచే బేరాలు నడిచేవి, పెన్సిళ్ళు చేతులు మారేవి. ఆయన యముడు. వారమంతా చెవులు మెలిపెట్టిన మనిషి మీసం దువ్వుకుంటూ వరసల మధ్య నడిచి "ఎవడురా టైమైపోయినోడు?" అని గర్జిస్తే, ఒకటో తరగతి పిల్లలు కిలకిలలాడుతూ ఒకరి వెనక ఒకరు దాక్కునేవారు. స్టూలుని కరుచుకున్న పిల్ల నడుముకి తువ్వాల చుట్టి ఆయన లాగడం మొదలుపెట్టగానే హాలంతా ఒక్క గొంతుతో "ఇడవకు, ఇడవకు" అని అరిచేది. ఆయన లాగేవారు, రొప్పేవారు, పళ్ళు నూరేవారు. చివరికి తువ్వాల జారి, వెనక్కి కూలబడి, "అయ్య, నా నడుము పాయె. ఈ నేతోళ్ళ జోలికి ఇగ రాను" అంటూ కుంటుకుంటూ తలుపు దాటి వెళ్ళిపోయేవారు.

కాసేపటికి తువ్వాల దులిపి మెడలో వేసుకుని, ఎప్పటి కటువు ముఖంతో లోపలికొచ్చేవారు.

"ఏం తెలిసింది?"

"వట్టుకోవాలె, ఇడవద్దు" అనేవారు పిల్లలు.

"ఇడవకుంటె?"

"యముడు ఏం జెయ్యడు."

నాకు ఆట నచ్చేది. ఆ పెద్దమనిషి అంత ఆనందంగా ఓడిపోవడం చూడటానికే నేను కూడా శనివారాలు తొందరగా ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. ఆ ఆఖరి జవాబే గొంతులో ముల్లులా ఉండేది. ఒకరోజు స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ అనేశాను.

"సార్, ఇది బడి. గుడి పక్క సందులోనే ఉంది కదా."

"మీకు దేవుడు లేడా, బ్యాంకు మేడం?"

"ఉన్నాడు. టైంటేబుల్లో అవసరం లేదంటున్నాను."

ఆయన చాయ్ సాసరులో పోసుకుని నెమ్మదిగా ఊదుకున్నారు. "టైంటేబుల్ల లేకుంటె ఈ ఊర్ల ఏడుంటడమ్మ? తండ్రి పొద్దంత సాంచ నడిపి ఒచ్చి పండుకుంటడు. తల్లి చీరలకు రాళ్ళు అతికిస్తది. నాయినమ్మలు, తాతలు ఆడ ఊర్ల ఉన్నరు. ఈ పోరలకు కథ ఎవ్వలు జెప్పాలె?"

"కథ చెప్పండి. యముడు ఏం చెయ్యడని మాత్రం చెప్పకండి. చేస్తాడు కదా."

"గది గూడ ఇప్పుడే జెప్తరా చిన్నపోరలకు?" అని సాసరు బల్ల మీద పెట్టేశారు.

అంతమాత్రాన ఒప్పుకునే మనిషిని కాదు నేను. ఆయనా కాదు. ప్రతి శనివారం ఇదే వాదన కొత్తగా మొదలయ్యేది.

శ్రావణి అని ఒక పిల్ల ఉండేది. లాక్‌డౌన్ రాకముందు రెండో తరగతి. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. ఒక శనివారం స్వామి వేషం ఆ పిల్లకి వచ్చింది. ఎంత గట్టిగా కరుచుకుందంటే, ఆయన లాగుతుంటే పిల్లతో పాటు స్టూలు కూడా గీరుకుంటూ తలుపు దాకా వచ్చింది. ఆ రోజు యముడు నిజంగానే అలిసిపోయాడు. నేల మీద కూర్చుని, నవ్వాపుకోలేక, "ఈ పిల్లకు శివుడు గూడ అక్కరలేదు" అన్నారు. ఆ మాట ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకి, వాళ్ళ నాన్న షెడ్డులో అందరికీ చెప్పుకున్నారట.

తర్వాత లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి మాకు చెవులు నొప్పెట్టాయి. సగం కుటుంబాలు దొరికిన బండెక్కి ఊళ్ళకి పోయి, అక్కడ గడవక మళ్ళీ వచ్చాయి. బడి ఫోనులోకి వెళ్ళింది. ఆయనకి ఫోనులో పాఠం చెప్పడం బొత్తిగా చేతకాలేదు. తెర మీద ఎప్పుడూ ఆయన నుదురు మాత్రమే కనపడేది. శనివారం మాత్రం మానలేదు. కథని గొంతుతో రికార్డు చేసి పంపేవారు. యముడి గర్జన, రొప్పు, కూలబడటం, అన్నీ ఒక్కరే. చివర్లో "ఇడవకు బిడ్డా" అని మెత్తగా అనేవారు. అంత మెత్తని గొంతు ఆయనకుందని నాకు ఆ ఫోనులోనే తెలిసింది.

రెండో ఏడాది వేసవిలో కరోనా ముదిరింది. ప్రతి సందులోనూ అంబులెన్సు ఆగిన ఇల్లొకటి ఉండేది. అప్పుడాయన ఆ కథని శనివారం దాకా ఆగకుండా రోజూ పంపడం మొదలుపెట్టారు. పిల్లలు భయపడుతున్నారని, ధైర్యంగా ఉండాలని.

శ్రావణి వాళ్ళ నాన్న జోల్వాలో ఒక షెడ్డులో సాంచాలు నడిపేవాడు. అతనికి జ్వరం వచ్చి, ఆయాసం మొదలయ్యి, అంబులెన్సు పిలిచారు. ఆ పూట ఏం జరిగిందో చాలా రోజుల తర్వాత వాళ్ళమ్మ నాకు చెప్పింది. చెప్తున్నంతసేపూ చీరకి రాళ్ళు అతికిస్తూనే ఉంది, తలెత్తలేదు.

"పోరి వాళ్ళ బాపు చెయ్యి వట్టుకున్నది, మేడం. రెండు చేతులతోని. ఇడవమంటె ఇడవలె. అంబులెన్సు పిలగాండ్లు నెత్తి నుంచి కాళ్ళ దాక ప్లాస్టిక్ బట్టలేసుకొని నిలవడ్డరు, జల్ది జల్ది అంటున్నరు. ఇగ నేనే దాని వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పిన."

అతను తిరిగి రాలేదు. శవాన్నయినా ఇంటికి తేలేదు, ఆ రోజుల్లో ఎవర్నీ తేలేదు. చుట్టి అట్నుంచటే శ్మశానానికి తీసుకుపోయారు. ఆ పిల్లకి ఆఖరిగా కనపడింది అంబులెన్సు తలుపు.

తర్వాత ఆ పిల్ల పెద్దగా ఏడవలేదట. తింది, పడుకుంది, ఫోను క్లాసులో పిలిస్తే "జీ సార్" అంది. కానీ ఎవరికీ చెయ్యి ఇవ్వడం మానేసింది. రోడ్డు మీద వాళ్ళమ్మ చెయ్యి చాపితే తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నడిచేది. గాజులు తొడగబోతే లాక్కునేది. ఏమైందని అడిగితే చెప్పేది కాదు.

భయం కాస్త తగ్గాక సారు వాళ్ళింటికి వెళ్ళారు. ఆ సంగతి బడి వరండాలో నాకు చెప్పారు. ఆ రోజు కొత్త పుస్తకాలు పంచడానికి టీచర్లం పోగయ్యాం. మిగతావాళ్ళు లోపలున్నారు, మేమిద్దరం పుస్తకాల కట్టలు విప్పుతున్నాం.

"ఏమన్నదో ఎరుకేనా, మేడం? 'సార్, నేను ఇడిసిన. గందుకే బాపు పోయిండు' అన్నది."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆయన వయసు చూసైనా, ముఖం చూసైనా రాకూడని కోపం. "వెళ్ళి అది ఉత్త కథ అని చెప్పండి సార్. ఇవాళే చెప్పండి. పట్టుకున్నా, వదిలినా పోయేవాళ్ళు పోతారని చెప్పండి."

"నాకు నోరు రాదమ్మ."

"రాకపోతే ఎలా?"

"అది మాకు ఉత్త కథ గాదు. మా తాత మా నాయినకు జెప్పిండు, మా నాయిన నాకు జెప్పిండు. చిన్నప్పుడు నాకు జరమొస్తె మా అమ్మ గదే జెప్పుకుంట కూసునేది. అది అబద్ధమని నేనెట్లంట?"

"అయితే ఆ పిల్ల జీవితమంతా నాన్నని తనే చంపానని అనుకోవాలా?"

ఆయన కట్టకున్న సుతిలితాడు ముడి విప్పబోయారు. ఒకప్పుడు సాంచా మీద తెగిన పోగుల్ని చూడకుండానే ముడేసిన వేళ్ళు అవి. ముడి ఊడకపోతే ఆ కట్టని నా వైపు జరిపారు. అప్పుడు నాకు ఆయన మీద కోపం పోయి జాలి వేసింది. ఆ జాలి కూడా నాకు ఇష్టం లేకపోయింది.

దీపావళి అయ్యాక చిన్నపిల్లలకి బడి తెరిచారు. మాస్కుల వెనక నుంచి కూడా పిల్లలు అడిగింది ఆ ఆటే. ఆయన కొన్ని వారాలు భజనలతో గడిపేశారు. ఒక శనివారం నా క్లాసు గుమ్మం దగ్గరకొచ్చి, "మీరు గూడ రాండ్రి, మేడం. జర ఎనుక కూసోండ్రి" అన్నారు.

హాల్లో స్టూలు వేసి ఉంది. ఆయన తువ్వాల తీసి పెద్దపిల్లల చేతికిచ్చారు. "ఇయ్యాల మీరు యములు. నేను స్వామిని" అని, మోకాళ్ళ మీద కూర్చుని స్టూలుని కావలించుకున్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. అయిదో తరగతి పిల్లలు ఆయన నడుముకి తువ్వాల చుట్టి లాగారు, వాళ్ళ వెనక నాలుగో తరగతి పిల్లలు. మిగిలినవాళ్ళు అలవాటు ప్రకారం "ఇడవకు, ఇడవకు" అని అరిచారు. శ్రావణి అరవలేదు. ఆఖరి వరసలో, నా పక్కనే, చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది.

కాసేపు పట్టుకుని ఆయన వదిలేశారు. పిల్లలు లాగిన ఊపుకి వెల్లకిలా పడ్డారు. స్టూలు ఉన్నచోటే ఉంది. అరుపులు ఆగిపోయాయి. స్వామి ఓడిపోవడం ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆయన లేచి కూర్చుని, మాస్కు కిందికి లాక్కున్నారు. అందరితో మాట్లాడుతూ ఆఖరి వరస వైపే చూశారు. "సూసిండ్రా? సారు గూడ ఇడిసిండు. ఎంత గట్టిగ వట్టుకున్నా చెయ్యి జారుతది. జారితె తప్పు గాదు, బిడ్డా. పాపం గాదు."

నా పక్కనుంచి సన్నటి గొంతు లేచింది.

"మీరు జాన్‌బూఝ్‌కే ఇడిసిండ్రు సార్."

కావాలనే వదిలేశారు అంది. ఎదురు చెప్పినట్టు లేదు, లెక్క తప్పు దిద్దినట్టు అంది. ఆ పిల్ల స్టూలుతో సహా తలుపు దాకా వెళ్ళిన పిల్ల. పట్టుకోవడం అంటే ఏమిటో ఆ హాల్లో తనకంటే బాగా ఎవరికి తెలుసు? గంట కొట్టారు. పిల్లలు చెప్పులేసుకుని వెళ్ళిపోయాక కూడా ఆయన ఆ నేల మీదే కూర్చుని ఉన్నారు. చెయ్యి అందిద్దామని వెళ్ళాను.

"నాకు నేర్పనీకి వచ్చింది గని, మరిపియ్యనీకి వస్తలేదు, మేడం" అన్నారు. స్టూలుని ఆసరా చేసుకుని తనే లేచారు.

ఆ తర్వాత తువ్వాల మెడలోంచి తియ్యలేదు. శనివారాలు కుర్చీలో కూర్చుని ఏవో చెప్పేవారు. చివర "ఏం తెలిసింది?" అని అడగడం మానేశారు. బడి పెద్దల్లో ఒకాయన వచ్చి, "పోరలు ఆ కథ లేదంటున్నరు. మన కథ మనమే జెప్పకుంటె ఎట్ల సార్?" అని అడిగితే, "నడుము నొస్తుంది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ ఆట ఆగిపోవాలని వాదించిన మనిషిని. ఆగిపోయినందుకు సంతోషం రాలేదు, పైగా దిగులేసింది.

ఆ రోజుల్లోనే ఆయన కొత్త అలవాటు ఒకటి చేసుకున్నారు. సాయంత్రం బడి వదిలాక శ్రావణిని వాళ్ళ సందు దాకా దింపేవారు. ఆయన ఇల్లు వేరే వైపు. నేను షేర్ ఆటో కోసం నిలబడే చోటి నుంచి వాళ్ళు కనపడేవారు. బట్టల మూటల టెంపోలు దూసుకుపోయే ఆ రోడ్డు అంచున, పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నడిచేది. పక్కన ఆయన ఎడమ చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా, వేళ్ళు విప్పి, కిందికి వేలాడేసి నడిచేవారు. పట్టుకోమని చూపించినట్టు ఉండేది కాదు. చెయ్యి అక్కడ మర్చిపోయినట్టు ఉండేది. టెంపో దగ్గరకొచ్చినప్పుడు ఆ చెయ్యి కదిలేది, కానీ పిల్లని పట్టుకునేది కాదు. మళ్ళీ అలాగే వేలాడేది. ఆ పొడుగు మనిషి, ఆ ఖాళీ చెయ్యి, దాని పక్కన ఆ రెండు జడలు. నా ఆటో వచ్చినా ఎక్కకుండా చూసిన రోజులున్నాయి.

"అడగొచ్చు కదా సార్, చెయ్యి పట్టుకోమని?" అన్నాను ఒకరోజు.

"ఏమని అడగాలె? వట్టుకోమని జెప్పిందే నేను గదా" అన్నారు.

జనవరిలో పోయారు. పతంగుల పండగ అయిపోయి, దారాలు ఇంకా కరెంటు తీగలకి వేలాడుతున్నాయి. పొద్దున స్నానం చేసి వచ్చి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. నేను వెళ్ళేసరికి సందులో జనం దూరదూరంగా నిలబడి ఉన్నారు. గుమ్మంలో ఆయన భార్య. సన్నగా, చిన్నగా ఉండే మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్తోంది. "కరోనా కాదు, గుండె. లోపటికి రాండ్రి. కరోనా కాదు." ఆ రెండేళ్ళలో చావు ఇంటికి రమ్మని అలా పిలవాల్సిన రోజులొచ్చాయి.

నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "మీ గురించి మస్తు జెప్తుండె, మేడం. బ్యాంకు మేడం నాతోని లడాయి వెట్టుకుంటది అని." నన్ను పక్కకి తీసుకుని, "ఆ పోరి రంధిల వడి నిద్ర వోకపోతుండె. పండుకున్నా గూడ చెయ్యి గిట్ల పక్కకు వెట్టుకొనే పండుకుంటుండె" అంది. తన చెయ్యి ఒంటికి ఎడంగా, వేళ్ళు విప్పి చూపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

లోపల చాప మీద ఆయన్ని పడుకోబెట్టారు. మెడలో ఎర్రంచు తువ్వాల అలాగే ఉంచారు. ఎడమ చెయ్యి దుప్పటి పక్కగా నేల మీదకి జారి ఉంది. బడి పిల్లల్ని గుమ్మం బయటే ఆపారు. శ్రావణి మాత్రం వాళ్ళమ్మ వెనకే లోపలికొచ్చింది. వాళ్ళమ్మ ఆయన కాళ్ళకి మొక్కి, "సారుకు మొక్కు" అంది. పిల్ల మొక్కలేదు. కాళ్ళ దగ్గర్నుంచి పక్కకి నడిచి, ఆ ఎడమ చెయ్యి దగ్గర కూర్చుంది. వెనక ఉన్న తన చేతులు రెండూ ముందుకు తెచ్చి ఆ వేళ్ళు పట్టుకుంది.

వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గదిలో ఆ పిల్ల సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే ఉన్నాం. మిగతావాళ్ళకి అది ఒక చిన్నపిల్ల మారాం. బయట పాడె సిద్ధమైంది. మోసేవాళ్ళు నలుగురు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పిల్ల వదల్లేదు. ఆటలో స్టూలుని పట్టుకున్నప్పటిలాగే భుజాలు పైకెత్తి, తల వంచి, బిగించి పట్టుకుంది.

"పొద్దువోతుంది. పోరిని జర పక్కకు తియ్యుండ్రి" అన్నాడు బడి పెద్దాయన. మోసేవాళ్ళలో ఒకతను వంగి పిల్ల మణికట్టు అందుకోబోయాడు.

"ఎవ్వలు గుంజకుండ్రి దాన్ని."

సారు భార్య. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది. అయినా అందరికీ వినపడింది. వంగిన మనిషి నిటారుగా నిలబడ్డాడు. ఆమె వచ్చి పిల్లకి కాస్త దూరంలో, గోడకి ఆనుకుని కూర్చుంది. వాళ్ళమ్మ కూడా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. సందులోంచి సాంచాల చప్పుడు వస్తోంది. పెద్దాయన ఒకసారి గడియారం చూసుకుని, మళ్ళీ చూసుకోలేదు.

ఎంతసేపు అలా కూర్చున్నామో నాకు తెలియదు. పిల్ల భుజాలు ముందు దిగాయి. తర్వాత వేళ్ళు వదులయ్యాయి. ఎవరూ విప్పలేదు. సారు చెయ్యి తీసి జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టింది. రెండు అరచేతులూ ఒకదానికొకటి తట్టి దులుపుకుంది, ఆయన నేర్పినట్టే. అప్పుడు దండం పెట్టింది.

సారు భార్య గోడ పట్టుకుని లేచింది.

"ఇగ లేవట్టుండ్రి" అంది.